మైకులోనే సెల్లు ఛార్జ్ చేయొచ్చా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. ద్రౌపదమ్మ గుడి దగ్గర ఏటా 18 రోజులు భారతం జరుపుకుంటాం. నాటకం వాళ్ల కోసం కమిటీ తరఫున రెండు కార్డ్‌లెస్ మైకులు కొన్నాం. నడుముకు కట్టుకునే ట్రాన్స్‌మిటర్‌లో రెండు పెన్సిల్ సెల్లు పడతాయి, పక్కన ఛార్జింగ్ పిన్ను కూడా ఉంది. మామూలు సెల్లు వేసి రాత్రంతా ఛార్జింగ్‌లో పెట్టాం. పొద్దున చూస్తే లోపల తెల్లగా ఏదో కారింది, స్ప్రింగు పచ్చబడింది. ఇప్పుడేం చేయాలి? రీచార్జ్ సెల్లు వేద్దామంటే, వాటికి వోల్టేజ్ తక్కువ, మైకు సరిగా పలకదు అంటున్నారు. నిజమేనా?

జవాబు: మీ మైకు చాలావరకు బాగుపడుతుంది, దిగులు పడకండి. కానీ ఆ పిన్నులో మళ్లీ వైరు గుచ్చకండి. మైకుతో వచ్చిన కాగితంలో ఏ రకం సెల్లు పెట్టి ఛార్జ్ చేయాలో స్పష్టంగా రాసి ఉంటే, ఆ రకం సెల్లు ఉన్నప్పుడు మాత్రమే దాన్ని వాడాలి. కాగితం పోయిందంటే పిన్ను మీద ఒక టేపు ముక్క అతికించేయండి. రేపు ఇంకో పిల్లవాడు తెలియక గుచ్చుతాడు.

తిరుపతి నుంచి మైక్ సెట్టు వేసుకుని ముప్పై ఏళ్లకు పైగా భారతాల వెంట తిరిగినవాణ్ణి. పుంగనూరు వైపు ఒక పల్లెలో అర్జున తపస్సు రోజు జరిగింది చెప్తాను. మా దగ్గర పనిచేసే పిల్లవాడు మీలాగే మామూలు సెల్లు పెట్టి ట్రాన్స్‌మిటర్‌ను ఛార్జింగ్‌కు వేశాడు. నాకు చెప్పలేదు. అర్జునుడి వేషగాడు తపస్సు మాను సగం ఎక్కి పద్యం ఎత్తుకునేసరికి మైకు చచ్చిపోయింది. ఆయన కిందికి దిగే వీల్లేదు, మేం పైకెక్కే వీల్లేదు. చుట్టూ అంత జనం ఉంటే, ముందు వరసల వాళ్లకు తప్ప పద్యం ఎవరికీ వినపడలేదు. దిగాక నడుము బెల్టు విప్పితే నా వేళ్లు జిగటగా, సబ్బు పట్టుకున్నట్టు జారిపోతున్నాయి. ఆయన నడుము మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ. ఆ జారుడుకు కారణం సెల్లులోంచి కారిన క్షారం. అది చర్మం మీది నూనెను నిజంగానే సబ్బుగా మారుస్తుంది. ట్యాంకు దగ్గర చాలాసేపు కడిగితే గానీ మంట తగ్గలేదు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

మామూలు ఆల్కలైన్ సెల్లు తిరిగి ఛార్జ్ చేయడానికి తయారైంది కాదు. బలవంతంగా కరెంటు ఎక్కిస్తే లోపల గ్యాసు పుట్టి ఒత్తిడి పెరుగుతుంది. సీలు తెరుచుకుని పొటాషియం హైడ్రాక్సైడ్ బయటికొస్తుంది. గాలి తగిలి తెల్లటి ఉప్పులా గట్టిపడేది అదే. స్ప్రింగును తినేదీ అదే.

ఇక శుభ్రం చేయడం. చేతికి రబ్బరు తొడుగు వేసుకుని సెల్లు తీసేయండి. చెవిలో పెట్టుకునే దూది పుల్లను వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో కొద్దిగా తడిపి, ఆ తెల్లటిదాన్ని రుద్దండి. చిన్నగా బుడగలు వస్తాయి, భయపడకండి. రసం లోపలి బోర్డు మీదికి కారకూడదు. తర్వాత నీళ్లతో తడిపి పిండిన పుల్లతో ఒకసారి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకసారి తుడిచి, బాగా ఆరాకే కొత్త సెల్లు వేయండి. కారినది కంట్లో పడితే మాత్రం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

వోల్టేజ్ సంగతి. మామూలు సెల్లు 1.5 వోల్టులు, రీచార్జ్ చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు 1.2 వోల్టులు. రెండు కలిపితే 3 బదులు 2.4. చాలా ట్రాన్స్‌మిటర్లు దీంతో చక్కగా పనిచేస్తాయి. తేడా వచ్చేది బ్యాటరీ గుర్తు దగ్గర. నికెల్ సెల్లు చివరిదాకా ఒకేలా నిలబడి ఒక్కసారిగా పడిపోతుంది. అందుకే గీతలు చూసి నమ్మకండి, గడియారం చూసుకుని మార్చండి. మెనూలో సెల్లు రకం ఎంచుకునే చోటుంటే అక్కడ సరిచేయండి. కొనేటప్పుడు సెల్లు మీద 1.2 అనీ, 2000 ఎంఏహెచ్ లాంటి అంకె (సెల్లులో ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పేది) అనీ ఉందో లేదో చూడండి. అదే సైజులో 3.7 వోల్టుల లిథియం సెల్లు కూడా అమ్ముతున్నారు. అవి రెండు వేస్తే ఏడు వోల్టులు దాటి మైకు కాలిపోతుంది.

సెల్లు బయటికి తీసి, ఒక్కో సెల్లును విడిగా గమనించి నిండగానే ఆపేసే ఛార్జర్‌లో పెట్టండి. సెన్‌హైజర్ అనే మైకుల కంపెనీ వాళ్ల బీఏ 2015 రీచార్జ్ బ్యాటరీ ప్యాక్ ఉన్న ట్రాన్స్‌మిటర్‌ను అలాగే ఛార్జర్‌లో నిలబెట్టొచ్చు కదా అని అడుగుతారేమో. ఆ ప్యాక్‌లో సెన్సర్ ఉంది కాబట్టే అది కుదురుతుంది. విడి సెల్లు వేసి పెడితే ఆ ఛార్జర్ ఎక్కించదు.

మన ఎండలు గుర్తుపెట్టుకోండి. మేలో రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం ఛార్జింగ్ పెట్టొద్దు. 45 డిగ్రీలు దాటితే ఈ సెల్లు ఛార్జ్ చేయకూడదు, ఛార్జింగ్ చివర్లో అవి ఎలాగూ సొంతంగా వేడెక్కుతాయి. రాత్రి నాటకం తెల్లారి ముగిశాక ఒక గంట చల్లారనిచ్చి, సిమెంటు అరుగు మీద, మనిషి కళ్లెదుట పెట్టండి. 2000 ఎంఏహెచ్ సెల్లుకు 500 మిల్లీయాంపుల ఛార్జర్ అయితే నాలుగైదు గంటలు పడుతుంది. మధ్యాహ్నం హరికథకు రెండో జత వాడండి.

జతలు కలిపేయకండి. నిండు సెల్లు పక్కన ఖాళీది పెడితే, ఖాళీదాని ప్లస్సు, మైనస్సు తారుమారై అది పాడవుతుంది. నేను మేకప్ పెట్టెలోని గోళ్లరంగుతో ఒక జతకు ఎర్ర చుక్క, ఇంకో జతకు రెండు చుక్కలు పెడతాను. చెమటకు చెరిగిపోదు.

ప్రశ్న: మా భజన మండలి కాలర్ మైకులో లోపలి లిథియం బ్యాటరీ ఉబ్బి మూత లేచింది. నొక్కి మూసి వాడొచ్చా? – చిత్తూరు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. నొక్కొద్దు, గుచ్చొద్దు, ఒక్కసారి కూడా ఛార్జ్ పెట్టొద్దు. లోపలి పొరలు ఒకదానికొకటి తగిలితే మంట లేస్తుంది. మైకును అలాగే ఒక మట్టి కుండలోనో ఇసుక పోసిన డబ్బాలోనో పెట్టి, పూజ గదికి, గుడ్డలకు దూరంగా ఇంటి బయట నీడలో ఉంచండి. చెత్తబండిలో వేయకండి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే వాళ్లకే ఇవ్వండి. కొత్త బ్యాటరీ వేయించేటప్పుడు పాతదాని మీద ఉన్న వోల్టుల అంకె చూపించి, అదే అంకె ఉన్నది వేయమనండి.