హీటర్ లేని ఇంట్లో ఎముకలు కొరికే చలి: మేము ఎలా తట్టుకున్నామంటే

గట్టి చలి ఉండే చోట పెరిగినవాళ్లు చిన్నప్పుడు ఎలా నెగ్గుకొచ్చారని, హీటర్ లేని ఇంట్లో పసిబిడ్డనూ వయసు మళ్లినవాళ్లనూ వెచ్చగా ఎలా ఉంచాలని అడిగారు. నేను పెరిగింది కొండల మీద. చలికాలంలో రాత్రి బయట వదిలేసిన బకెట్టు నీళ్ల మీద తెల్లారేసరికి పల్చటి మంచు పొర కట్టేది. మా ఇంట్లో ఉన్నవల్లా కంబళ్లు, పాత బట్టలతో కుట్టిన బొంతలు, వంటింట్లో పొయ్యి, వీటన్నిటినీ నడిపించే నాయనమ్మ. ఆవిడ చేసే పనులకు ఆవిడ కారణాలు చెప్పేది కాదు. అవి నాకు పెద్దయ్యాక, చదువుకున్నాక తెలిశాయి. ఆ కాలపు అలవాట్లలో ప్రాణం మీదికి తెచ్చేవీ కొన్ని ఉన్నాయి. వాటి గురించీ రాస్తాను, దాటవేయకుండా చదవండి.

దుప్పటి వేడిని పుట్టించదు. వేడి పుట్టేది మన ఒంట్లోనే. ఊరికే కూర్చున్న మనిషి శరీరం నుంచి కూడా దాదాపు 100 వాట్ల వేడి బయటికి పోతూ ఉంటుంది. కంబళి అయినా స్వెట్టర్ అయినా చేసేది ఆ వేడిని మన దగ్గరే నిలబెట్టడం. అందులోనూ అసలు పని చేసేది ఊలు కాదు, ఊలు పోగుల మధ్య చిక్కుకుని కదలకుండా ఉండే గాలి. ఒక మందపాటి చొక్కా కన్నా రెండు మూడు పల్చటి చొక్కాలు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే వెచ్చగా ఉండేది అందుకే. ఒంటికి బిగదీసినట్లు వేసుకుంటే మాత్రం ఆ గాలికి చోటే ఉండదు. బిగుతు మేజోళ్లు ఇంకా చెడ్డవి, రక్తం సరిగా పారక పాదాలు మరింత చల్లబడతాయి.

మా నాయనమ్మ అన్నిటికన్నా ఎక్కువగా పట్టించుకున్నది నేలను. 'కింద పరవకుండా పైన ఎన్ని కప్పినా దండగే' అనేది. ఎంత నిజమో చూడండి: మనం పడుకున్న బొంత మన బరువుకు అణిగిపోతుంది, దానిలోని గాలి బయటికి పోతుంది, ఇక ఒంట్లో వేడిని నేల నేరుగా లాగేస్తుంది. మా ఇంట్లో ముందు ఎండుగడ్డి పరిచేవారు, దాని మీద చాప, దాని మీద రెండు బొంతలు. గడ్డి తగ్గిన సంవత్సరం, పాత కాగితాలు దొంతరలుగా పరిచారు, అవీ బాగానే పనిచేశాయి. మీకు ఇప్పుడు నాలుగు దుప్పట్లు ఉంటే నాలుగూ పైన కప్పుకోకండి, రెండు కింద వేసి చూడండి. మంచం ఉన్నా ఇదే మాట, నవారు మంచం కింద చల్లగాలి ఆడుతూనే ఉంటుంది కదా. మంచాన్ని బయటి గోడకు ఆనించకుండా కాస్త ఇవతలికి జరిపితే ఇంకా మంచిది.

పిల్లలమంతా ఒకే పక్క మీద పడుకునేవాళ్లం. నడిమి చోటు కోసం రోజూ గొడవే. అంచున పడుకున్నవారికి ఒక వైపు చలి, తెల్లవారుజామున దుప్పటి కోసం లాగులాట. ఆ వంతులు తేల్చేది నాయనమ్మే. బాగా చిన్నవాళ్లు ఎప్పుడూ నడుమనే, తగవుకు తావు లేదు. ఇందులోనూ లెక్క ఉంది. చిన్న శరీరానికి బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ. అందుకే పెద్దవాళ్ల కన్నా పిల్లలు తొందరగా చల్లబడతారు.

ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఆగిపోయిన సాయంత్రం ఆవిడ పెట్టెలోంచి అదనపు కంబళి తీసేది. మబ్బు పట్టిన రోజు తీసేది కాదు. చిన్నప్పుడు అదొక మంత్రంలా ఉండేది నాకు. పగలు వేడెక్కిన నేల రాత్రి ఆ వేడిని పైకి వదిలేస్తుంది. మబ్బులుంటే అవి అందులో కొంత తిరిగి కిందికి పంపుతాయి, లేకపోతే ఎక్కువ వేడి ఆకాశంలోకి పోతుంది. గాలి లేకపోతే నేలను ఆనుకున్న చల్లగాలి పైనున్న గాలితో కలవదు. కొండ మీది చల్లగాలి బరువుగా ఉంటుంది కాబట్టి కిందికి జారి లోయలో నిలుస్తుంది. కొన్ని రాత్రులు కొండవాలు కన్నా లోయలోనే చలి ఎక్కువ ఉండేది ఇందుకే. వాతావరణ సూచన చూసేటప్పుడు ఉష్ణోగ్రతతో పాటు ఆకాశం ఎలా ఉందో కూడా చూసుకోండి.

తడి విషయంలో ఆవిడ ఎంత కఠినంగా ఉండేదో చెప్పలేను. ఆడుకుని వచ్చి, చెమట పట్టిన బనియనుతో పక్క ఎక్కితే ఊరుకునేది కాదు. పొడి బట్ట కట్టుకుని, మేజోళ్లు మార్చుకుని తీరాలి. నీరు గాలి కన్నా సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని మోసుకుపోతుంది, తడి బట్ట ఆరుతున్నప్పుడు కూడా ఒంటి వేడినే వాడుకుంటుంది. నూలు బట్ట ఒకసారి తడిస్తే చల్లగా ఒంటికి అంటుకుంటుంది. ఊలు అలా కాదు, తన బరువులో దాదాపు 30 శాతం తేమను పీల్చుకున్నా తడిగా అనిపించదు. చలిలో కష్టపడి పని చేసేటప్పుడు చెమట పట్టకముందే ఒక పొర విప్పేయండి, పని ఆగగానే మళ్లీ తొడుక్కోండి.

ఒంటి వేడిలో సగం తలలోంచే పోతుందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. పెద్దవాళ్లలో తల, శరీర వైశాల్యంలో పదో వంతుకు అటూ ఇటూ ఉంటుంది, వేడీ ఇంచుమించు ఆ పాళ్లలోనే పోతుంది. మిగతా ఒళ్లంతా కప్పుకుని తల వదిలేస్తే చలి తెలుస్తుంది కాబట్టి టోపీ పెట్టుకోవలసిందే. పసిపిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దది, బయటికి తీసుకెళ్లేటప్పుడు టోపీ తప్పనిసరి.

అయితే మీ బిడ్డకు ఏడాది లోపు వయసైతే ఇంట్లో నిద్రపుచ్చేటప్పుడు టోపీ తీసేయండి. వదులు దుప్పట్లు, దిండ్లు, మెత్తటి బొంతలు దగ్గర ఉంచకండి. అవి ముఖం మీద పడితే పసివాళ్లు తొలగించుకోలేరు, ఒళ్లు అతిగా వేడెక్కడమూ ప్రమాదమే. పొరలు పొరలుగా బట్టలు తొడిగి, మీ గదిలోనే, వేరే పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టండి. మేము చిన్నప్పుడు ఒకే దుప్పటి కింద ఇరుక్కుని పడుకున్నామని చెప్పాను కానీ అది కాస్త పెద్ద పిల్లల సంగతి. పసికందుకు అది పనికిరాదు. చేతులూ కాళ్లూ చల్లగా తగిలాయని కంగారుపడకండి, పసివాళ్లకు అవి తరచూ అలాగే ఉంటాయి. ఛాతీ మీదో మెడ వెనకో చెయ్యి పెట్టి చూడండి. అక్కడ వెచ్చగా ఉంటే బిడ్డ హాయిగా ఉన్నట్లే, చెమట పడితే ఒక పొర తీయండి.

ఇప్పుడు నిప్పు సంగతి. కుంపటి చుట్టూ కూర్చుని అరచేతులు చాపిన సాయంత్రాలు నాకు ఇప్పటికీ ప్రాణం. ముఖం కాలిపోతుంటే వీపు గడ్డకడుతూ ఉండేది, అటు తిరిగి ఇటు తిరిగి కాచుకునేవాళ్లం. కానీ పడుకునే వేళకు ఆ కుంపటి వాకిట్లోకి వెళ్లిపోవలసిందే. ఎవరెంత బతిమాలినా నాయనమ్మ ఒప్పుకునేది కాదు. ఆవిడ చేసిన మేలన్నిటిలోకీ ఇదే పెద్దదని నేను నమ్ముతాను. మూసిన గదిలో బొగ్గులు రాజుకుంటూ ఉంటే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్, ఆ ఆక్సిజన్ కన్నా దీన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మత్తు వస్తాయి, నిద్రలో ఉన్నవారికి ఆ మాత్రం హెచ్చరిక కూడా అందదు. పొగ రాకపోతే ప్రమాదం లేదనుకోవడం తప్పు, పొగ లేని ఎర్రటి బొగ్గులే ఎక్కువ మోసం చేస్తాయి. కిటికీ కొంచెం తెరిచి ఉంచితే చాలనే మాట కూడా నమ్మకండి. కుంపటి, బొగ్గుల పొయ్యి, గ్యాసు పొయ్యి, జనరేటర్, ఏవీ పడకగదిలో వద్దు. దయచేసి వద్దు.

నిప్పు దగ్గర ఇంకో జాగ్రత్త ఉంది. బాగా చల్లబడి మొద్దుబారిన కాళ్లను ఒక్కసారిగా సెగకు పెడితే వేళ్లు ఎర్రగా ఉబ్బి, దురద, మంట పుడతాయి. చలికి ముడుచుకున్న సన్నని రక్తనాళాలు హఠాత్తుగా వేడి తగిలితే తట్టుకోలేవు. బడి నుంచి రాగానే మా అమ్మ పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు, ముందు పొడి గుడ్డతో కాళ్లు తుడిచి, మేజోళ్లు తొడిగి, కాసేపు ఒళ్లో పెట్టుకునేది. కొంకర్లు పోయిన చేతులకు చంకలే మంచి చోటు.

నిప్పుకు బదులు వేడినీళ్ల సంచి వాడండి. మరీ మరిగే నీళ్లు పోయకూడదు, మూత గట్టిగా బిగించి, గుడ్డ చుట్టి, పడుకోవడానికి కాస్త ముందు దుప్పటి లోపల పెట్టాలి. మధుమేహం ఉన్నవారి పాదాలకు స్పర్శ తగ్గి ఉండవచ్చు, కాలినా తెలియదు. వాళ్ల పక్క వెచ్చబడ్డాక సంచి తీసేయండి. ఒక గుక్క మద్యం వేసుకుంటే చలి పోతుందనే సలహా ఎవరిచ్చినా వినకండి. చర్మంలోని రక్తనాళాలు విప్పారి వెచ్చగా అనిపిస్తుంది కానీ, లోపలి వేడి బయటికి పోతుంది.

ఇంట్లో అన్ని గదులనూ వెచ్చబరచాలని చూడకండి. రాత్రికి అందరూ ఒకే చిన్న గదిలోకి చేరండి. తలుపు కింది సందులో చుట్టిన గుడ్డ పెట్టండి, పొద్దు వాలకముందే తెరలు దించండి, ఎండ వచ్చే కిటికీకి మాత్రం పగలంతా తెర తీసి ఉంచండి. ఇంటి లోపల కనీసం 18 డిగ్రీల సెల్సియస్ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. గోడకు చవకైన థర్మామీటర్ తగిలించుకుంటే మీరే చూసుకోవచ్చు.

వయసు మళ్లినవారి విషయంలో 'నాకేం చలి లేదు' అనే మాటను అస్సలు నమ్మకండి. వయసు పెరిగే కొద్దీ చలి తెలిసే శక్తి తగ్గుతుంది, వణికి వేడి పుట్టించుకునే శక్తీ తగ్గుతుంది. చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది, తెల్లవారుజామున దుప్పటి తీసి చటుక్కున లేవడం గుండెకు భారం. పక్క మీదే కాళ్లూ చేతులూ ఆడించి, శాలువా కప్పుకుని లేవమనండి. ఒంటి లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కన్నా తగ్గితే ప్రమాదం మొదలైనట్లే. మాట ముద్దగా రావడం, అడుగు తడబడటం, అయోమయం, అకారణంగా మత్తు దాని గుర్తులు. వణుకుతున్న మనిషి వణకడం ఆపేసి మందకొడిగా అయిపోతే అది కోలుకోవడం కాదు, ఒళ్లు ఇంకా చల్లబడిందని అర్థం. వెంటనే అంబులెన్సు పిలవండి. అది వచ్చేలోగా తడి బట్టలు తీసి, పొడి దుప్పట్లు కింద కూడా వేసి, ఛాతీ, పొట్ట ముందు వెచ్చబడేలా కప్పండి. చేతులూ కాళ్లూ గట్టిగా రుద్దకండి. పూర్తి మెలకువగా ఉండి మింగగలిగితేనే గోరువెచ్చగా ఏదైనా తాగించండి. రోజూ రాత్రి వాళ్లు పడుకున్నాక దుప్పటి లోపలికి చెయ్యి పోనిచ్చి పొట్ట తాకి చూడండి. కప్పి ఉన్న పొట్ట కూడా చల్లగా తగిలితే తెల్లారే దాకా ఆగకండి.