పసుపు నారింజ ఎందుకవుతోంది?

ప్రశ్న: ఏటికొప్పాక లక్క బొమ్మలు తెప్పించి మా ఇంటి నుంచే అమ్ముతుంటాను. రాత్రి పిల్లల చదువులు అయ్యాక హాల్లో ట్యూబ్‌లైటు, టేబుల్ ల్యాంపు రెండూ వేసి ఫోటోలు తీస్తాను. పసుపు నారింజలా, నీలం దాదాపు నల్లగా వస్తున్నాయి. ఫోనులో సరిచేస్తే బొమ్మ ఒక వైపు బాగుపడి రెండో వైపు నీలంగా మారుతోంది. ఫోటోలో చూసిన రంగు ఇది కాదంటూ కొందరు బొమ్మలు వెనక్కి పంపారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ రెండు దీపాల్లో ఒకటి ఆర్పేయండి.

వెలుగు రంగును కెల్విన్లలో చెబుతారు. అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు వైపు, పెరిగేకొద్దీ నీలం వైపు జరుగుతుంది. ల్యాంపులో వాడే పసుపు వెలుగు బల్బు సాధారణంగా 2700 లేదా 3000, తెల్లటి ట్యూబ్‌లైటు 6500. కొన్న పెట్టె మీద ఈ అంకె ఉంటుంది, చూడండి. రెండింటి కిందా తెల్ల కాగితం మన కంటికి తెల్లగానే తోస్తుంది. కెమెరాకు ఆ సర్దుబాటు లేదు. అది ఫోటో మొత్తానికి ఒకే దిద్దుబాటు చేస్తుంది. ల్యాంపు వైపు పసుపును తీసేస్తే ట్యూబ్‌లైటు వైపు తెలుపు నీలమవుతుంది. మీ దిద్దుబాటులో లోపమేమీ లేదు, ఆ ఫోటోకు సరిపోయే ఒక్క అంకె అసలు లేదు.

నన్నడిగితే రాత్రి ఫోటోలే మానేయమంటాను. విశాఖలో సముద్రం తూర్పున ఉంది కదా, మీ ఇంట్లో తూర్పు కిటికీ ఉంటే ఉదయం ఎండ నేరుగా లోపలికి పడుతుంది, నిమిష నిమిషానికీ రంగు మారుతుంది. మధ్యాహ్నం తర్వాత సూర్యుడు పడమటికి వెళ్లాక అదే కిటికీలోంచి ఆకాశపు వెలుగు మాత్రమే వస్తుంది. మెత్తగా, నిలకడగా, కొంచెం నీలంగా ఉంటుంది. బొమ్మను కిటికీ పక్కన పెట్టి, ఇంట్లో దీపాలన్నీ ఆర్పి, కెమెరాలో వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగును సరిచేసే అమరిక) తెరిచి అందులో షేడ్ ఎంచుకోండి. గోడకు పిస్తా రంగుంటే బొమ్మను దాని నుంచి దూరంగా జరపండి. గోడ మీద పడి తిరిగొచ్చే వెలుగు ఆ పచ్చదనాన్ని లక్క మెరుపులోకి తెస్తుంది.

ఇక దిద్దడం. ఫోటో దుకాణాల్లో దొరికే గ్రే కార్డు, అంటే ఏ రంగు ఛాయా లేని బూడిద రంగు అట్ట, ఒకటి కొనండి. ప్రతిసారీ మొదటి ఫోటోలో దాన్ని బొమ్మ పక్కన నిలబెట్టండి. ఫోటోలు దిద్దే యాప్‌లైన స్నాప్‌సీడ్‌లో గానీ లైట్‌రూమ్‌లో గానీ వైట్ బ్యాలెన్స్‌లోని డ్రాపర్ గుర్తును ఆ కార్డు మీద పెడితే రంగు సరిపోతుంది. వెలుగు మారనంత వరకు మిగతా ఫోటోలకూ అదే దిద్దుబాటు వాడండి. కార్డు బదులు తెల్ల కాగితం వద్దు. మెరుపు కోసం కాగితంలో కలిపే పదార్థాల వల్ల చాలా కాగితాలకు నీలి ఛాయ ఉంటుంది. ఈ బొమ్మలు చేసే అంకుడు కర్ర రంగు వేయక ముందు తెల్లగా కనిపించినా దానిలోనూ మీగడ రంగు ఉంది, దాన్ని తెలుపుగా లెక్కిస్తే మిగతావన్నీ నీలం వైపు జారతాయి. లక్క మీద తళుక్కుమనే చుక్క కూడా పనికిరాదు, అక్కడ రంగు వివరమేమీ మిగలదు.

చేత్తో దిద్దేటప్పుడు చాలామంది ఒక దగ్గర తికమకపడతారు. కెల్విన్ అంకె పెంచితే ఫోటో నీలమవ్వాలి కదా, పసుపెక్కుతుందేమిటని అడుగుతారు. మీరిచ్చే అంకె వెలుగు ఎంత నీలంగా ఉందో కెమెరాకు చెబుతుంది. ఆ నీలాన్ని తగ్గించడానికి అది పసుపు కలుపుతుంది. ఈ పసుపు–నీలం సరిచేశాకే టింట్ జోలికి వెళ్లండి. అది ఆకుపచ్చకు, గులాబీ ఊదాకు మధ్య నడుస్తుంది. పాత ట్యూబ్‌లైట్ల పచ్చదనం పోవాలంటే దాన్ని ఊదా వైపు కొద్దిగా జరిపితే చాలు.

కెమెరాలో రా ఫైలు (కెమెరా పట్టిన వివరాలన్నీ కుదించకుండా దాచే ఫైలు) తీసే వీలుంటే తప్పక వాడండి. పసుపు బల్బు వెలుగులో నీలం చాలా తక్కువ. మామూలుగా ఫోటోలు దాచే జేపెగ్ ఫైలు ఆ కాస్త నీలాన్నీ కుదించేస్తుంది, తర్వాత పైకి లాగితే గరుకు చుక్కలే వస్తాయి. నీలిమందు రంగు నల్లగా రావడానికి కారణం ఇదే. పసుపు కొమ్ముల నుంచి, నీలిమందు నుంచి ఏటికొప్పాక కళాకారులు తీసిన రంగు కొనేవారికి ఉన్నదున్నట్టు కనిపించాలి. అందుకే ఇంతగా చెబుతున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి ఓణీల వేడుక ఫోటోల్లో దీపారాధన దగ్గరివి పసుపుగా, వేదిక మీదివి పూర్తిగా ఊదా రంగులో ఉన్నాయి. అన్నీ తెల్లగా మార్చవచ్చా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: దీపారాధన ఫోటోల్లో పసుపును కాస్త తగ్గించి వదిలేయండి. నూనె దీపం వెలుగు 2000 కెల్విన్ల దగ్గర ఉంటుంది, దాన్ని పూర్తిగా తెల్లబరిస్తే ముఖాలు బూడిద రంగుకు తిరుగుతాయి. వేదిక మీదివి వేరే సంగతి. రంగు ఎల్‌ఈడీ దీపాల్లో నీలం, ఎరుపు మాత్రమే వెలిగాయి, ఆకుపచ్చ లేదు. లేని వెలుగును ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. మీ అమ్మాయి ముఖం బాగా వచ్చిన వాటిని నలుపు తెలుపుల్లోకి మార్చి అచ్చు వేయించండి. ఈసారి వేడుక చేసినప్పుడు అక్షతలు వేసే సమయంలో రంగు దీపాలు ఆర్పి, మామూలు తెల్ల దీపాలు వేయమని లైటింగ్ వారికి ముందే చెప్పండి.