పాత ఎనిమిది బిట్ల కంప్యూటరుతో కుస్తీ పడే అబ్బాయికి ఏ బ్రాంచి?

ప్రశ్న: మాది గుంటూరు, అరండల్‌పేట. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. ఒక పాఠశాల వదిలించుకున్న పాత సామానులో బీబీసీ మైక్రో అనే 1980ల నాటి కంప్యూటరు దొరికితే, మా బావమరిది తెచ్చి వీడికిచ్చాడు. అప్పటి నుంచి సెలవు వస్తే చాలు, స్క్రూడ్రైవరు పట్టుకుని దాని ముందే కూర్చుంటున్నాడు. ఆన్ చేస్తే ఆగకుండా కూత పెడుతుందే తప్ప తెరమీద ఏమీ రాదు. ఈ పిచ్చి మాన్పించాలా? ఈఏపీసెట్ తర్వాత సీఎస్ఈ తీసుకోమని మేమంటుంటే, ఈసీఈ కావాలని వాడంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: మాన్పించవద్దు. అయితే పాత కంప్యూటర్లు బాగుచేయడమే రేపు వృత్తి అవుతుందన్న ఆశ మీకుగానీ, అతనికిగానీ ఉండకూడదు. ఆ యంత్రం వల్ల అతనికి దక్కేది మరొకటి ఉంది. ఒక కంప్యూటరును కరెంటు ప్లగ్గు నుంచి తెరమీది అక్షరం దాకా పూర్తిగా అర్థం చేసుకునే అవకాశం ఈ రోజుల్లో ఇంజనీరింగ్ విద్యార్థులకు కూడా అరుదుగా దొరుకుతుంది.

బీబీసీ మైక్రోను ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి చెందిన ఏకార్న్ సంస్థ 1981 చివర్లో విడుదల చేసింది. మన దేశంలో పాఠశాలలకు కంప్యూటరు పరిచయం చేయడానికి 1984లో మొదలైన క్లాస్ పథకంలో వాడినవి ఈ యంత్రాలే కాబట్టి, ఏదో ఒక బడి పాత సామానులో అది దొరకడం వింతేమీ కాదు. మోడల్ బి అయితే అందులో 32 కిలోబైట్ల ర్యామ్, 2 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే 6502 ప్రాసెసరు ఉంటాయి. 1975లో వచ్చిన ఆ ప్రాసెసరులో ట్రాన్సిస్టర్లు సుమారు మూడున్నర వేలు మాత్రమే. నేటి ఫోన్ల చిప్పుల్లో అవి వందల కోట్లలో ఉంటాయి. ఫోను చిప్పును ఏ ఒక్క మనిషీ పూర్తిగా తెలుసుకోలేడు, 6502ను మాత్రం శ్రద్ధ గల ఇంటర్ విద్యార్థి తెలుసుకోగలడు.

మీరు విసుక్కుంటున్న ఆ కూతనే తీసుకుందాం. ఆ యంత్రంలోని శబ్దం చిప్పు కరెంటు అందగానే తనంతట తానే మోగడం మొదలుపెడుతుంది. ప్రాసెసరు మేల్కొని, మెమరీలోని 65532, 65533 చిరునామాల్లో ఉన్న అంకెలను చదివి, అవి చూపిన చోటి నుంచి రోమ్ (కరెంటు పోయినా చెరగని మెమరీ)లోని ప్రోగ్రామును నడిపించి, ఆ చిప్పును ఊరుకోమని చెప్పేదాకా అది మోగుతూనే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న యంత్రం రెండు స్వరాలు పలికి ఆగిపోతుంది. ఆగకుండా కూస్తోందంటే బోర్డుకు కరెంటు ఎంతో కొంత అందుతున్నదనీ, ప్రాసెసరు మాత్రం తన పని మొదలుపెట్టలేదనీ అర్థం. ఇక్కడి నుంచి వెతుకులాటకు ఒక వరస ఉంది. బోర్డుమీద వోల్టేజి 4.75కు, 5.25కు మధ్య ఉందా? ప్రాసెసరుకు క్లాకు, అంటే దాని అడుగులకు తాళం వేసే సంకేతం, అందుతోందా? ప్రాసెసరు రీసెట్ కాలులో వోల్టేజి పైకి లేచిందా, లేక కిందే ఉండిపోయిందా? చిరునామాలను మోసే అడ్రస్ లైన్లలో కదలిక ఉందా? ఇవన్నీ సరిగా ఉంటే, సాకెట్లలో ఉన్న ఐసీల (చిప్పుల) కాళ్లకు తుప్పు పట్టిందేమో చూసి, ఒక్కొక్కటే తీసి శుభ్రం చేసి పెట్టాలి. మన కోస్తా ఉక్కలో దశాబ్దాలు పడి ఉన్న యంత్రానికి ఈ చివరి జబ్బు ఉండే అవకాశం ఎక్కువే. ఊహించడం మాని కొలవడం, ఒక్కో కారణాన్నీ కొట్టేసుకుంటూ పోవడం ఇప్పుడే అలవాటైతే, ల్యాబుల్లో రికార్డు పుస్తకాలు నింపి మార్కులు తెచ్చుకునేవారికన్నా అతను చాలా ముందుంటాడు.

ఒక్క విషయంలో మాత్రం మీరు కఠినంగా ఉండాలి. బీబీసీ మైక్రోలో పవర్ సప్లై పెట్టె లోపలే ఉంటుంది. మన 230 వోల్టుల మెయిన్స్ అక్కడ సుమారు 325 వోల్టుల డీసీగా మారుతుంది, ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా కెపాసిటర్లలో కొంతసేపు నిలిచి ఉండవచ్చు. పైగా ఆ కాలపు మెయిన్స్ ఫిల్టరు కెపాసిటర్లు పాతబడి పగిలి, దట్టమైన పొగ చిమ్మడం ఈ యంత్రాల్లో అందరికీ తెలిసిన లోపమే. ఆ పెట్టెను అనుభవమున్న పవర్ సప్లై మెకానిక్ చేత విప్పించి, ఆ కెపాసిటర్లు మార్పించేదాకా యంత్రాన్ని మళ్లీ ఆన్ చేయనివ్వవద్దు. 5 వోల్టుల బోర్డుమీద పని అతనిది, మెయిన్స్ పెట్టె పని పెద్దవాళ్లది.

యంత్రం బాగయ్యేదాకా ఆగనవసరం లేదు. ప్రోగ్రామింగ్ భాగాన్ని బ్రౌజరులోనే బీబీసీ మైక్రోను అనుకరించే జేఎస్‌బీబ్ ఎమ్యులేటరు మీద ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. ఆ యంత్రంలో ఉండే బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలోనే, ప్రాసెసరు సొంత ఆదేశాలను రాయడానికి వీలిచ్చే అసెంబ్లరు కూడా ఇమిడి ఉంది కాబట్టి, ఒకే ప్రోగ్రాములో రెండూ రాయవచ్చు. యంత్రం లేచిన తర్వాత అడుగున ఉన్న యూజర్ పోర్టుకు (బయటి పరికరాలు కలిపే చోటుకు), తగిన రెసిస్టరుతో, ఒక ఎల్ఈడీ కలపమనండి. 65122 చిరునామాలో 255 రాస్తే ఆ పోర్టులోని ఎనిమిది తీగలూ బయటికి పంపేవిగా మారతాయి, 65120లో 1 రాస్తే మొదటి తీగలోకి వోల్టేజి వస్తుంది. రేపు బీటెక్‌లో ఏ మైక్రోకంట్రోలరు ముందు కూర్చున్నా అతను చేసేది దాదాపు ఇదే; చిరునామాలు, పేర్లు మారతాయి, అంతే.

మీ సందేహం తీరడానికి ఒక చరిత్ర కూడా చెప్పాలి. ఈ యంత్రానికి బేసిక్ రాసిన సోఫీ విల్సన్, దాని రూపకల్పనలో పనిచేసిన స్టీవ్ ఫర్బర్ కలిసి ఏకార్న్‌లోనే ఏఆర్ఎం ప్రాసెసరును రూపొందించారు. విల్సన్ దాని నమూనాను ముందుగా బీబీసీ బేసిక్‌లోనే రాసి పరీక్షించారు, మొదటి చిప్పు 1985 ఏప్రిల్ 26న పనిచేసింది. మీ జేబులోని ఫోనులో ఉన్నది ఆ వంశపు ప్రాసెసరే. మీ అబ్బాయి మరో విల్సన్ అవుతాడని నేను అనడం లేదు. ఆ పెట్టెలో కాలం చెల్లిన విద్య ఉందన్న అభిప్రాయం మాత్రం సరికాదు.

ఇక బతుకుతెరువు సంగతి. పాత కంప్యూటర్ల మరమ్మతుకు మన దగ్గర గిరాకీ లేదు, విడి చిప్పులు విదేశాల నుంచి తెప్పించుకోవాలి, వాటిలో పేరు మార్చి ముద్రించిన నకిలీలూ వస్తాయి. కానీ అదే చేతి పనికి ఇతర చోట్ల విలువ ఉంది. గుంటూరు చుట్టుపక్కల స్పిన్నింగ్ మిల్లుల్లో, మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో ఉన్న కంట్రోలు బోర్డులు చెడిపోయినప్పుడు బోర్డే మార్చేయాలని కాకుండా, లోపం ఏ భాగంలో ఉందో చెప్పగలిగినవారు అరుదు. పెద్ద ఉద్యోగాల వైపు చూస్తే, హైదరాబాదులో, బెంగళూరులో చిప్పుల డిజైను, వాటి పరీక్ష, ఫర్మ్‌వేర్ (పరికరాల్లోనే ఇమిడి వాటిని నడిపే ప్రోగ్రాములు) పనులు చేసే సంస్థలు ఉన్నాయి. ఇంటర్వ్యూలో అక్కడివారు వెతికేది ఇటువంటి పునాదినే.

బ్రాంచి విషయంలో నా మొగ్గు మీ అబ్బాయి వైపే ఉన్నా, ఒక పరీక్ష పెట్టి చూడండి. యంత్రం బాగై, తెరమీద అక్షరాలు వచ్చిన తర్వాత అతను ఏం చేస్తాడో గమనించండి. మళ్లీ మూత విప్పి తీగలు కలుపుతుంటే ఈసీఈ సరైనది. మూత బిగించి రాత్రింబవళ్లు ప్రోగ్రాములు రాస్తుంటే మీ మాటే నెగ్గుతుంది. సీఎస్ఈలో కంప్యూటర్ ఆర్కిటెక్చర్, ఆపరేటింగ్ సిస్టమ్స్, కంపైలర్లు అతనికి సులువుగా పట్టుబడతాయి. ఫర్మ్‌వేర్ పనిలోకి రెండు బ్రాంచీల నుంచీ దారి ఉంది. ఈసీఈలో చేరినా సీ భాష, డేటా స్ట్రక్చర్లు గట్టిగా నేర్చుకోక తప్పదు, ఎందుకంటే ఇక్కడి కాలేజీలకు వచ్చే నియామకాల్లో ఎక్కువ భాగం సాఫ్ట్‌వేర్ సంస్థలవే, వాటి పరీక్షల్లో సాల్డరింగ్ గురించి ఎవరూ అడగరు.

ప్రస్తుతానికి ఇంటర్ పరీక్షలు, ఈఏపీసెట్ అయ్యేదాకా ఆదివారం మధ్యాహ్నానికి మాత్రమే ఈ పనిని పరిమితం చేయండి. ఆ సమయంలో చేసిన ప్రతి కొలతనూ తేదీతో సహా ఒక నోటు పుస్తకంలో రాయమనండి: ఏది అనుమానించాడు, ఎక్కడ కొలిచాడు, ఎంత వచ్చింది, ఏం తేలింది. ఖర్చు విషయానికొస్తే ఒక మంచి మల్టీమీటరు, టెంపరేచర్ కంట్రోలున్న సాల్డరింగ్ ఐరన్ చాలు. క్లాకు చూడటానికి, వోల్టేజి మార్పులను తెరమీద గీతగా చూపే ఆసిలోస్కోపు కావాలి గానీ, దాన్ని ఇప్పుడు కొనవద్దు. వెబ్ ఆప్షన్లు పెట్టేముందు నాలుగైదు కాలేజీలకు స్వయంగా వెళ్లి, క్లాసులయ్యాక సాయంత్రం పూట విద్యార్థులకు ఆసిలోస్కోపు ఇస్తారా అని ల్యాబ్ అసిస్టెంటును అడగండి. ఇస్తామన్న కాలేజీని మీ జాబితాలో పైకి జరపండి.