జూన్‌లో కారే స్లాబుకు మార్చిలోనే డబ్బు తీయండి

ప్రశ్న: మాది ఏలూరు. పన్నెండేళ్ల కిందట కట్టుకున్న రెండంతస్తుల ఇల్లు. కింద మేముంటాం, పైభాగం 8,500కు అద్దెకిచ్చాం. మావారికి జీతం చేతికి 52,000 వస్తుంది. నిరుడు జూన్‌లో పై స్లాబు కారితే 42,000 క్రెడిట్ కార్డు మీద పెట్టి వాయిదాల్లోకి మార్చుకున్నాం. నవంబరులో మోటారు కాలిపోయింది, 12,000. సంక్రాంతికి రంగులు వేయించడానికి గొలుసు తాకట్టు పెట్టి 65,000 తెచ్చాం. ఇక 3 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుని అన్నీ ఒకేసారి బాగుచేయించేద్దాం అంటున్నారు మావారు. స్లాబు కారినందుకు ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బులిస్తారా?

జవాబు: లోన్ వద్దమ్మా. నాలుగేళ్లకు తీసుకున్నారనుకున్నా, అది తీరేసరికి గోడలు మళ్లీ రంగులు అడుగుతాయి. అప్పుడు ఇంకో లోన్.

మీ లెక్కే చూడండి. నిరుడు ఇంటికి పెట్టింది 1,19,000. పై వాటా అద్దె ఏడాదికి 1,02,000. అంటే అద్దె మొత్తం ఇంటికే పోయి, మీ చేతి నుంచి ఇంకో 17,000 పడింది. పైగా దాదాపు అంతా అప్పు చేసే పెట్టారు. కార్డు మీద 42,000కు 15 శాతం చొప్పున పన్నెండు వాయిదాలంటే వడ్డీయే సుమారు 3,500. డాబా ఊడ్చి, తూములు తీయించడానికి ఒక మనిషికి ఇచ్చే రెండు రోజుల కూలి అందులో సగం కూడా ఉండదు.

ఈ ఖర్చుల్లో మోటారు ఒక్కటే నిజంగా ఉన్నట్టుండి వచ్చింది. మృగశిర కార్తె జూన్ మొదటివారం దాటగానే వస్తుందని మనందరికీ తెలుసు. స్లాబు అప్పుడు కారుతుంది, కానీ పగిలేది ఎండలకు. తొలకరి పడ్డాక మేస్త్రీ కోసం ఊరంతా వెతుకుతుంది కాబట్టి అడిగినంత ఇవ్వాల్సిందే. తడి స్లాబు మీద వేసిన వాటర్ ప్రూఫింగ్ సరిగా పట్టుకోదు కూడా.

ఫిబ్రవరి ఆఖర్లో ఒక ఆదివారం పొద్దున డాబా ఎక్కండి. తూముల్లో వేపాకు, నాచు తీయించి, నాలుగు బకెట్ల నీళ్లు కుమ్మరించండి. గంట తర్వాత నీళ్లు ఎక్కడ నిలిచాయో సుద్దముక్కతో గీత గీయండి. పిట్టగోడ స్లాబును కలిసే మూల వెంట వేలు పెట్టి చూసుకుంటూ వెళ్లండి. గోరు దిగేంత సందు ఉందంటే చాలాసార్లు కారేది అక్కడినుంచే. మేస్త్రీ వచ్చాక ఆ గీతలు చూపించి బేరమాడండి. మొత్తం డాబా చేయాలని అతను అంటే, ఇంకో మేస్త్రీకి కూడా చూపించండి.

రంగులు మాత్రం చివర. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఇంట్లో ఫంక్షనని చెమ్మ ఆరని గోడకు ఖరీదైన రంగు వేయించాను. మూడు నెలలకు అప్పడంలా పొంగి పెచ్చులుగా రాలింది. దసరా, సంక్రాంతి ముందు పెయింటర్లు దొరకరు, దొరికినా రేటు ఎక్కువ. ఫిబ్రవరికి గోడలు ఆరి ఉంటాయి, పనివాళ్లూ ఖాళీ. పండక్కి గోడలు బోసిగా ఉంటాయని బెంగ పడకండి, వచ్చినవాళ్లు చూసేది వాకిట్లో ముగ్గునే.

ఇక డబ్బు ఎలా తీయాలి. మీరు చెప్పిన అంకెలతోనే లెక్క వేశాను. రంగులు అయిదేళ్లకోసారి 65,000, అంటే ఏడాదికి 13,000. స్లాబు పని అయిదేళ్లకోసారి 45,000 అనుకుంటే 9,000. మోటారు ఆరేళ్లు వస్తుందనుకుంటే 2,000. తలుపులు, కుళాయిలు, వైరింగ్‌కు 6,000. ట్యాంకు, సంపు కడిగించడం, తూములు, ఏసీ సర్వీసు లాంటి ఏటేటా వచ్చేవాటికి 14,000. మొత్తం 44,000. నెలకు 4,000 చొప్పున తీస్తే సరిపోతుంది. మీ మేస్త్రీని అడిగి అంకెలు అటూఇటూ సర్దుకోండి.

అద్దె మీ జీతం ఖాతాలో కలవనివ్వకండి. వేరే సేవింగ్స్ ఖాతాలో పడేలా చూడండి. అందులో 1,200 చిన్న ఖర్చులకు అక్కడే ఉంచి, 2,800 నెలనెలా బ్యాంకు రికరింగ్ డిపాజిట్ (ఆర్డీ)లో వేయండి. గడువు ఏడాది, మొదలుపెట్టేది మార్చిలో. మళ్లీ మేస్త్రీని పిలిచే నాటికి డబ్బు చేతికొస్తుంది. పోస్టాఫీసు ఆర్డీ అయిదేళ్లు, ఈ పనికి కుదరదు. మిగిలిన 4,500తో ముందు గొలుసు విడిపించుకోండి.

ఆదాయపు పన్ను లెక్కలో, అద్దె ఆదాయంలో మున్సిపల్ పన్ను పోగా మిగిలినదానిపై 30 శాతం మినహాయింపు ఉంటుంది. బిల్లులు చూపక్కర్లేదు, కొత్త పన్ను విధానంలోనూ వర్తిస్తుంది. అలాగని రిపేరుకు అంతకు మించి ఖర్చయిందని అదనంగా చూపడానికి వీల్లేదు. ఇంటిపన్ను ఏడాది మొత్తం ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం రిబేటు వస్తుంది.

తొలి వాన పడ్డ సాయంత్రం దీపాల దగ్గరకు ఉసిళ్లు, అంటే రెక్కలొచ్చిన చెదలు, వస్తాయి కదా. అవి బయటినుంచి వస్తే ఊడ్చిపారేయండి. గోడ సందులోంచో, తలుపు చట్రంలోంచో వస్తే చెదలు ఇంట్లోనే కాపురం పెట్టాయన్నమాట. ఆ వారమే మందు కొట్టించండి, తలుపు మార్చడం కంటే చాలా చౌక.

ఇన్సూరెన్స్ సంగతి. ఏళ్ల తరబడి చెమ్మ దిగి పాడైన స్లాబుకు ఎవరూ డబ్బివ్వరు. కానీ మీ ఊళ్లో తమ్మిలేరు ఉంది, తుపాను దారీ దూరం కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ఎలా ముంచిందో చూశాం. 2021 ఏప్రిల్ నుంచి ఉన్న ‘భారత్ గృహ రక్ష’ పాలసీ అగ్నిప్రమాదం, పిడుగు, తుపాను, వరద నష్టాలకు వర్తిస్తుంది. స్థలం విలువ కలపకుండా, ఇల్లు తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చుకే పాలసీ తీసుకోండి. తుపాను హెచ్చరిక వచ్చాక పరుగెత్తకుండా జూన్‌లోపే చేయించండి. పాలసీ తీసుకున్న రోజే డాబా, గోడలు, మోటారు గది ఫొటోలు తీసి మీ ఈమెయిల్‌కే పంపుకోండి. క్లెయిమ్ వేయాల్సి వస్తే ముందు ఎలా ఉందో చూపించడానికి పనికొస్తాయి.