ఇండియన్ సూపర్ కప్ ఫుట్‌బాల్ చరిత్ర ఏమిటి? దాన్ని ఎవరైనా సీరియస్‌గా పట్టించుకుంటారా?

రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్తాను. పట్టించుకుంటారు. నేను పట్టించుకున్నాను. 2024 జనవరి 28న ఫైనల్ చూడడానికి విశాఖ నుంచి భువనేశ్వర్‌కి పొద్దున్నే రైలెక్కాను, మా బావమరిదిని వెంటబెట్టుకుని.

మాది రైల్వే కుటుంబం. నాన్న షెడ్‌లో డ్యూటీ దిగి, ఇంటికి కూడా రాకుండా నేరుగా గ్రౌండ్‌కి వెళ్ళిపోయేవారు. ఆయన బూట్లకి అంటిన ఎర్రమట్టి మా అరుగు మీద ఎప్పుడూ ఉండేది. అమ్మ దాన్ని తిడుతూనే ఊడ్చేది. అందుకని మా ఇంట్లో ఫుట్‌బాల్ గురించి ఎవరూ ఎవరికీ నచ్చచెప్పాల్సిన పని లేదు. భువనేశ్వర్ కూడా మాకు పరాయి ఊరు కాదు. అప్పట్లో మా రైల్వే జోన్ ఆఫీసు అక్కడే కాబట్టి నాన్న పనుల మీద తిరుగుతూనే ఉండేవారు. దూరం దాదాపు 440 కిలోమీటర్లు. మాకు హైదరాబాద్ కంటే భువనేశ్వరే దగ్గర.

ఆ ఆదివారం బోగీలో అందరి ఫోన్లలోనూ క్రికెట్టే. ఉప్పల్‌లో ఇంగ్లండ్‌తో టెస్టు నడుస్తోంది. పలాస దాటాక జీడిపప్పు పొట్లాలు అమ్మే కుర్రాడు కూడా "స్కోరెంత అన్నా?" అని అడిగాడు. విశాఖలో ఆ వారమంతా ఫిబ్రవరి 2న మధురవాడలో మొదలయ్యే టెస్టు టికెట్ల గొడవే. ఒక జాతీయ కప్పు ఫైనల్ మన పక్క రాష్ట్రంలో జరుగుతోందని మా ఆఫీసులో ఒక్కరికీ తెలియదు. ఎక్కడికెళ్తున్నావని అడిగిన వాళ్ళకి చెప్తే, "ఫుట్‌బాల్‌కా? అంత దూరమా?" అన్నారు. నాకు క్రికెట్ మీద కోపం లేదు. మన పేపర్ల మీద ఉంది. మర్నాడు ఆ ఫైనల్‌కి మా ఇంటికి వచ్చే పేపరు ఇచ్చిన చోటు నాలుగు లైన్లు.

కళింగ స్టేడియం బయట ఎరుపు, పసుపు జెర్సీలు. ఈస్ట్ బెంగాల్ వాళ్ళు కోల్‌కతా నుంచి రైళ్ళలో దిగిపోయారు. ఒడిశా ఎఫ్‌సీకి సొంత ఊరు. పక్క రాష్ట్రం కాబట్టి మేం ఒడిశా వైపే అనుకుని లోపలికి వెళ్ళాం. కానీ మా సీట్లు ఒక ముసలాయన పక్కన పడ్డాయి. డెబ్భై దాటి ఉంటాయి. మెడలో ఎరుపు, పసుపు మఫ్లరు, ఒళ్ళో స్టీలు టిఫిన్ డబ్బా. హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడాడు. మీరడిగిన చరిత్ర నాకు తెలిసింది ఎక్కువ ఆయన దగ్గరే.

ఆయన 1977 నుంచి మొదలుపెట్టాడు. ఆ ఏడాది దేశంలోని క్లబ్బుల మధ్య ఆడే ఫెడరేషన్ కప్ పుట్టింది. తొలి ఫైనల్లో బెంగళూరు ఐటీఐ (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్) జట్టు, కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్‌కి బద్ధ ప్రత్యర్థి అయిన మోహన్ బాగన్‌ని ఓడించింది. అది చెప్పేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోయింది. 1997లో సూపర్ కప్ అనే పేరు మొదటిసారి వచ్చింది. జాతీయ లీగ్ గెలిచినవాళ్ళూ ఫెడరేషన్ కప్ గెలిచినవాళ్ళూ ఆడే ఒకే ఒక్క మ్యాచ్. 2011తో అది ఆగిపోయింది. 2017లో ఫెడరేషన్ కప్ కూడా చివరిసారి జరిగింది. కటక్‌లో బెంగళూరు ఎఫ్‌సీ ఎక్స్‌ట్రా టైమ్‌లో మోహన్ బాగన్‌ని 2-0తో ఓడించింది. మరుసటి ఏడాది ఆ స్థానంలో ఇప్పటి సూపర్ కప్ పెట్టారు. దేశంలోని రెండు పెద్ద లీగ్‌లు ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్), ఐ-లీగ్‌ల జట్లు కలిసి ఆడే నాకౌట్. 2018 ఫైనల్లో బెంగళూరు 4-1తో గెలిచింది. ఓడింది ఈస్ట్ బెంగాల్. "ఆ రోజు కూడా ఇదే గ్రౌండ్‌కి వచ్చాను" అన్నాడాయన.

అంతలో మ్యాచ్ మొదలైంది. మొదటి సగంలో డియెగో మారిసియో ఒడిశాకి గోల్ కొట్టాడు. బావమరిది లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ముసలాయన టిఫిన్ డబ్బా మూత గట్టిగా నొక్కుతూ కూర్చున్నాడు. రెండో సగంలో నందకుమార్ స్కోరు సమం చేశాడు. తర్వాత సౌల్ క్రెస్పో పెనాల్టీతో 2-1 అయింది. ఒడిశాలో ఒకడు రెడ్ కార్డ్ తీసుకుని బయటికి వెళ్ళాడు. ఇక అయిపోయినట్టే. 2012లో ఫెడరేషన్ కప్ గెలిచాక ఈస్ట్ బెంగాల్‌కి ఒక్క జాతీయ కప్పూ లేదు. పన్నెండేళ్ళు. ఆయన గడియారం చూడడం మానేసి కళ్ళు మూసుకున్నాడు. ఇంజురీ టైమ్ చివర్లో ఒడిశాకి పెనాల్టీ. జాహూ కొట్టాడు. 2-2.

స్టేడియమంతా అరుపులు. నేను మాత్రం అరవలేకపోయాను. పక్కన ఆయన చేతులు వణుకుతున్నాయి. బావమరిది కూడా కూర్చుండిపోయి నా చెవిలో, "ఏటి బావా ఇది, పాపం ముసలాయన" అన్నాడు. ఆ క్షణం నుంచి మేమిద్దరం ఈస్ట్ బెంగాల్ వైపు తిరిగిపోయాం. 111వ నిమిషంలో క్లీటన్ సిల్వా కొట్టిన గోల్ నాకు ఇప్పటికీ సరిగ్గా గుర్తులేదు. ఎందుకంటే నేను బంతిని కాదు, ఆయన్ని చూస్తున్నాను. ఆయన అరవలేదు. మఫ్లరు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. విజిల్ పడ్డాక టిఫిన్ డబ్బా తెరిచి మా ఇద్దరికీ చెరొక సందేశ్ పెట్టాడు. ఇంటికెళ్ళాక పులస వండుతారట. వాళ్ళు ఇలిష్ అంటారు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఆ చేప, మోహన్ బాగన్ గెలిస్తే రొయ్యలు. గోదావరి పులస గురించి చెప్తే ఆయన నమ్మలేదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకి మిగిలిన జవాబు. 2019లో గోవా, చెన్నైయిన్‌ని 2-1తో ఓడించి గెలిచింది. కానీ ఆ ఏడాది చాలా ఐ-లీగ్ క్లబ్బులు తమకు అన్యాయం జరుగుతోందని బహిష్కరించాయి. నా లెక్కలో ఈ కప్పు సగం ప్రాణం ఆ రోజే పోయింది. తర్వాత కోవిడ్. మళ్ళీ 2023లో కేరళలో జరిగితే ఒడిశా గెలిచింది. 2024 సంగతి చెప్పాను. 2025లో ఒక్క ఏడాదిలోనే రెండు ఫైనల్స్ పెట్టారు. మేలో భువనేశ్వర్‌లో ఒకటి, డిసెంబరులో గోవాలో ఇంకొకటి. రెండూ ఎఫ్‌సీ గోవాయే గెలిచింది.

తేదీలు చూడండి. ఒకసారి ఏప్రిల్, ఒకసారి జనవరి, ఇంకోసారి డిసెంబరు. 2024లో అయితే మన జాతీయ జట్టు ఖతార్‌లో ఆసియా కప్ ఆడుతున్న నెలలోనే ఈ టోర్నీ పెట్టేశారు. ఒకసారి గ్రూపులు, ఇంకోసారి నేరుగా నాకౌట్. సంక్రాంతి ఏ నెలలో వస్తుందో ఏటా మారిస్తే కొత్త బట్టలు ఎప్పుడు కుట్టించుకుంటాం? ఇంగ్లండ్‌లో మన పాత సూపర్ కప్ లాంటి మ్యాచ్ 1908 నుంచి ఉంది. ఇప్పుడు ఏటా ఆగస్టులో, లీగ్ మొదలయ్యే ముందు ఆడతారు. అభిమానులు క్యాలెండర్ చూడక్కర్లేదు. స్పెయిన్ వాళ్ళు మాత్రం 1982లో మొదలైన తమ కప్పుని 2020లో నాలుగు జట్లకు పెంచి సౌదీకి పట్టుకెళ్ళారు. జనం రైలెక్కి వెళ్ళలేని చోట పెట్టే ఫైనల్ నా దృష్టిలో ఫైనలే కాదు.

మన తెలుగువాళ్ళ సంగతి చెప్పాలంటే బాధేస్తుంది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు ముంబైలో జరిగే రోవర్స్ కప్ గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ తెచ్చింది. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ గెలిచిన రాత్రి, గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపినప్పుడు నాన్న ఫోన్ చేసి ఏడ్చారు. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి వెళ్ళిపోయింది. ఐఎస్‌ఎల్‌లో అరవడానికి మనకి ఇప్పుడు సొంత జట్టే లేదు. విశాఖలో నేను ఆడుకున్న గ్రౌండ్లలో ఒకటి ఏడాదిలో సగం రోజులు ఎగ్జిబిషన్లకే పోతోంది. టెంట్లు పీకాక ఆ గుంటల్లో పిల్లలు ఆడితే చీలమండలు బెణుకుతున్నాయి.

భువనేశ్వర్‌లో ఈసారి పెడితే వెళ్ళండి. పొద్దున్న రైలెక్కితే సాయంత్రం మ్యాచ్ అందుతుంది. తిరుగు టికెట్ మాత్రం అర్ధరాత్రి దాటాక ఉండే బండికే తీసుకోండి. ఎక్స్‌ట్రా టైమ్‌కి వెళ్తే పది దాటుతుంది. ఆ రాత్రి మేం స్టేషన్‌కి పరిగెత్తాల్సి వచ్చింది, ముసలాయనకి సరిగ్గా వెళ్ళొస్తామని కూడా చెప్పలేకపోయాం.