పసిపిల్లల ఐసీయూలో నర్సు కావాలంటే

ప్రశ్న: మా చిన్నమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో ఎంబీబీఎస్ సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. పోయినేడాది మా పెద్దమ్మాయికి ఏడో నెలలోనే కాన్పయింది. పాపను నెల రోజులకు పైగా ఎస్‌ఎన్‌సీయూలో (ప్రభుత్వ ఆసుపత్రిలో జబ్బు పసికందులను చూసే ప్రత్యేక వార్డు) ఉంచారు. అక్కడి సిస్టర్లను చూసినప్పటి నుంచి చిన్నది ‘నేనూ అదే పని చేస్తా’ అంటోంది. రాత్రి డ్యూటీలు, పసిపిల్లల చావులు ఈ పిల్ల తట్టుకోగలదా అని మాకు టెన్షన్. జీతం, పెళ్లి సంగతి కూడా చూసుకోవాలి కదా. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: అమ్మా, ఇంటర్ అవగానే నేరుగా పసిపిల్లల ఐసీయూ నర్సుగా చేసే డిగ్రీ ఏదీ లేదు. ముందు అందరిలాగే నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌గానీ, మూడేళ్ల జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా)గానీ చదవాలి. తర్వాత రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. ఉద్యోగంలో చేరాక ఎస్‌ఎన్‌సీయూలోనో ఎన్‌ఐసీయూ (పసికందుల ఐసీయూ)లోనో పోస్టింగ్ అడిగి వేయించుకోవాలి. కొంత అనుభవం వచ్చాక, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా నియోనేటల్ (పసికందుల) నర్సింగ్‌లో చేయవచ్చు. బైపీసీ చదివింది కాబట్టి మీ అమ్మాయికి బీఎస్సీయే మంచిది. జీఎన్‌ఎం తక్కువని కాదు. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పరీక్షకు బీఎస్సీ వాళ్లు నేరుగా కూర్చోవచ్చు, జీఎన్‌ఎం వాళ్లకు మాత్రం కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం అడుగుతారు.

ఇక అసలు సంగతి. ఈ కోరికతో వచ్చే అమ్మాయిలంతా ‘చిన్నపిల్లలంటే నాకు ప్రాణం’ అంటారు. నేను వాళ్లను దశాంశ లెక్కలు వచ్చా అని అడుగుతాను. నవ్వుతారు. కిలో రెండొందల గ్రాముల బిడ్డకు జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున డాక్టరు రాశారనుకోండి. ఇవ్వాల్సింది 6 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 40 మిల్లీగ్రాములున్న మందైతే సిరంజిలోకి తీయాల్సింది 0.15 మిల్లీలీటరు. చుక్క ఒక్క స్థానం పక్కకు జరిగి 1.5 అయితే బిడ్డకు పది రెట్ల మందు వెళ్తుంది. రెండు మిల్లీలీటర్ల ఆ చిన్న సీసాలో అలాంటి పదిమందికి పైగా బిడ్డల మోతాదు ఉంటుంది కాబట్టి, ఎక్కువ తీశామన్న అనుమానం కూడా రాదు. అందుకే మంచి యూనిట్లలో ఒక సిస్టర్ వేసిన లెక్కను ఇంకో సిస్టర్ మళ్లీ మొదటి నుంచి వేసి చూస్తుంది. తెల్లవారుజామున మూడింటికి కూడా ఈ లెక్క తప్పకూడదు. నన్నడిగితే ఈ ఉద్యోగానికి ప్రేమ కంటే ముందు కావాల్సింది ఈ చాదస్తమే.

రెండోది చూపు. నెలలు నిండని బిడ్డ ఉన్నట్టుండి ఊపిరి తీయడం ఆపేస్తుంది. 20 సెకన్లు దాటితే దాన్ని ఆప్నియా అంటారు. మానిటర్ మోగగానే సిస్టర్ ముందు చూడాల్సింది తెర మీది అంకెలను కాదు, బిడ్డ ఛాతీని, రంగును. రక్తంలో ఆక్సిజన్ కొలవడానికి కాలికి కట్టిన ప్రోబ్ ఊడినా అదే మోత మోగుతుంది మరి. నిజంగా ఊపిరి ఆగితే అరికాలిని తట్టో, వీపు నిమిరో కదిలిస్తారు. చాలాసార్లు బిడ్డ మళ్లీ ఊపిరి అందుకుంటుంది. అందుకోకపోతే బ్యాగ్, మాస్క్ క్షణాల్లో చేతికి రావాలి. ఆక్సిజన్ సంగతీ అంతే. ఆక్సిజన్ మీదున్న నెలతక్కువ బిడ్డకు మానిటర్‌లో రక్తంలోని ఆక్సిజన్ 100 శాతం అని కనిపిస్తే బయట నుంచి చూసే తాతయ్య సంతోషిస్తాడు, సిస్టర్ మాత్రం ఆక్సిజన్ తగ్గిస్తుంది. మోతాదు మించితే కంటి వెనుక రెటీనా దెబ్బతిని చూపే పోవచ్చు. అందుకే సాధారణంగా 90 నుంచి 95 మధ్య ఉంచుతారు.

మిగతావన్నీ బయటికి కనిపించని పనులు. చర్మం ఊడిరాకుండా ప్లాస్టర్ తీయడం, ఊపిరికి సాయంగా గాలి పంపే సీపాప్ గొట్టం ముక్కు మధ్య గోడను ఒరుసుకోకుండా చూడటం, తడిసిన డైపర్ తూకం వేసి మూత్రం ఎంతో రాయడం, రెండు గంటలకోసారి గొట్టంతో తల్లిపాలు పట్టడం. బిడ్డ మింగడం నేర్చాక మన ఉగ్గుగిన్నె లాంటి పలాడాతో పట్టిస్తారు. గాజులు, ఉంగరాలు, వాచీ యూనిట్ బయటే. బిడ్డను ముట్టుకునే ముందూ తర్వాతా చేతులు కడగాల్సిందే, చలికాలంలో చర్మం పగిలినా సరే.

వీటితో పాటు మాటల పని కూడా చాలా ఉంటుంది. తేనె నాకించాలని, ఆముదం పట్టాలని వచ్చే అమ్మమ్మలకు కోపం రాకుండా వద్దని చెప్పాలి. ‘ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు’ అన్న మాట తప్పని, కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు మేలేనని మళ్లీ మళ్లీ చెప్పాలి. భయపడుతున్న తల్లిని కూర్చోబెట్టి బిడ్డను ఆమె గుండెల మీద పడుకోబెట్టి కంగారూ కేర్ నేర్పాలి. మీ పెద్దమ్మాయికి ఇది ఎవరు నేర్పారో మీ చిన్నమ్మాయి చూసే ఉంటుంది.

చావుల గురించి అడిగారు. ఉంటాయి, దాచి లాభం లేదు. కిలో లోపు పుట్టిన పిల్లల్లో కొందరిని ఎంత చేసినా కాపాడలేరు. ఒక బిడ్డ పోయిన రాత్రే పక్క వార్మర్ (వెచ్చగా ఉంచే పడక)లోని బిడ్డకు వేళకు పాలు పట్టాలి. తట్టుకోగలదా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చలేం. చదువులో భాగంగా లేబర్ రూమ్, పిల్లల వార్డు పోస్టింగులు పడతాయి, అక్కడ తనకే తెలుస్తుంది. పడదనుకుంటే ఆ డిగ్రీతోనే డయాలసిస్, ఆపరేషన్ థియేటర్, కమ్యూనిటీ హెల్త్ లాంటి వాటికి మారవచ్చు. చదువు వృథా కాదు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది సిబ్బంది కొరత. వెంటిలేటర్ మీదున్న బిడ్డకు ఒక నర్సు ఉండాలి. చాలాచోట్ల అలా ఉండరు. ఉద్యోగంలో చేరేముందు ఒక్కో షిఫ్టులో ఒక సిస్టర్ ఎంతమంది పిల్లలను చూస్తుందో అడగమనండి. జీతం కంటే ముందు అడగాల్సింది ఇదే.

జీతం విషయానికొస్తే, ప్రైవేటులో మొదట్లో తక్కువే, పని మాత్రం ఎక్కువ. ఎస్‌ఎన్‌సీయూల్లో కాంట్రాక్టు ఉద్యోగాలూ ఉంటాయి. రెగ్యులర్ పోస్టులకు రాష్ట్ర వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు నోటిఫికేషన్లు, ఎయిమ్స్ సంస్థలకు నార్సెట్ పరీక్ష ఉన్నాయి. బీబీనగర్, మంగళగిరి ఎయిమ్స్‌లు మనకు దగ్గరే. ఏడో వేతన సంఘం ప్రకారం ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ మూల వేతనం 44,900, దాని మీద అలవెన్సులు. విదేశాలంటారా, అమెరికాకు ఎన్‌క్లెక్స్ పరీక్ష, బ్రిటన్‌కు ఇంగ్లిష్ పరీక్షతో పాటు వాళ్ల నర్సింగ్ కౌన్సిల్ పరీక్షలు రాయాలి. జర్మనీకి భాష రావాలి, ఆ శిక్షణ మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఇప్పిస్తోంది. ఏజెంటుకు డబ్బు కట్టేముందు అక్కడ కనుక్కోండి. పెళ్లి సంబంధాల్లో నైట్ డ్యూటీ మాట వస్తుంది, ముందే చెప్పేస్తే సరిపోతుంది.

ఇప్పుడు చేయాల్సింది అడ్మిషన్ పని. ఇంటర్లో బైపీసీ సబ్జెక్టులు, ఇంగ్లిష్ కలిపి కనీస మార్కులు, డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండటం చూస్తారు. తెలంగాణలో సీట్లు భర్తీ చేసేది వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం. ఈ ఏడాది ర్యాంకు ఏ పరీక్షది అడుగుతున్నారో దాని నోటిఫికేషన్‌లోనే చూసుకోండి. కాలేజీ చూడటానికి వెళ్తే భవనం సంగతి వదిలేయండి. పగలు పదింటికి దాని అనుబంధ ఆసుపత్రికి వెళ్లి వార్డుల్లో విద్యార్థినులు కనిపిస్తున్నారో లేదో, కాన్పులు రోజూ జరుగుతున్నాయో లేదో చూడండి. హైదరాబాద్‌లో పేరున్న ప్రైవేటు కాలేజీలోనూ, మీ జిల్లా ప్రభుత్వ నర్సింగ్ కాలేజీలోనూ సీటు వస్తే ప్రభుత్వ కాలేజీకే పంపండి.