నాన్సీ డ్రూని మళ్లీ చదవబోతున్న అమ్మాయికి

చి. అమ్మడికి, ఆశీస్సులు.

స్కూల్లో చదివిన నాన్సీ డ్రూలన్నీ, అదే ఆ అమెరికా డిటెక్టివ్ పిల్ల కథలన్నీ, మళ్లీ మొదటినుంచి చదువుతానన్నావు. మంచిదే. కానీ ఒకటి నుంచి యాభై ఆరు దాకా సెట్టు ఒకేసారి తెప్పించకు. ముందు ఒకటి తేల్చుకో. నువ్వు చదివింది ఏ నాన్సీని?

ఇద్దరున్నారు మరి. 1930 ఏప్రిల్ 28న మొదటి మూడు పుస్తకాలూ ఒకేసారి వచ్చాయి. అట్ట మీద రచయిత్రిగా ఉండే కరోలిన్ కీన్ అన్నది కల్పించిన పేరు. ఎడ్వర్డ్ స్ట్రాటెమేయర్ కంపెనీ కథ తాలూకు ఎత్తుగడ రాసిస్తే, రచయితలు దాన్ని నింపేవాళ్లు. మొదటి ముప్ఫైలో ఇరవై మూడు రాసింది మిల్డ్రెడ్ వర్ట్ బెన్సన్. 1959 నుంచి 1977 దాకా, స్ట్రాటెమేయర్ కూతురు హారియట్ ఆడమ్స్ ఆధ్వర్యంలో మొదటి 34 పుస్తకాల్నీ తిరగరాశారు. జాతి గురించిన ఎద్దేవా మాటలు తీసెయ్యడం ఒక కారణం, పేజీలు తగ్గించి అచ్చు ఖర్చు మిగుల్చుకోవడం ఇంకొకటి. ఆ తిరగరాతలో పదహారేళ్ల నాన్సీకి పద్దెనిమిదొచ్చాయి. ఆమె నడిపే పాతకాలపు టాప్‌లేని చిన్న కారు, రోడ్‌స్టర్, టాప్ మడిచే కన్వర్టిబుల్ అయింది. తల్లి పోయినప్పుడు పదేళ్లున్న పిల్ల మూడేళ్లదైపోయింది. నీ ఈడు వాళ్లు చదివినవి దాదాపుగా ఈ తిరగరాసినవే అయ్యుంటాయి.

చేతిలో ఉన్నది ఏదో కనుక్కోవడం తేలిక. విషయసూచిక తెరువు. 25 అధ్యాయాలుంటే పాతది, 20 ఉంటే తిరగరాసింది. కాపీరైట్ పేజీలో రెండు సంవత్సరాలు, అంటే 1959, 1930 అని కలిపి ఉన్నా తిరగరాసిందే. అట్ట చూసి నమ్మకు. పసుపు అట్ట ఉన్నంత మాత్రాన లోపల ఏముందో తెలియదు. పాత పాఠం కావాలంటే యాపిల్‌వుడ్ బుక్స్ వాళ్లు 1991 నుంచి పాత అచ్చుని ఉన్నదున్నట్టు వేసినవి వెతుక్కో. బ్రిటన్‌లో అచ్చయిన ఆర్మడా పేపర్‌బ్యాకుల నంబర్లు అమెరికా నంబర్లతో కలవవు. అవి దొరికితే నంబరు వదిలేసి పేరు చూసి కొను.

పుస్తకం తెరిచే ముందు ఒక కాగితం మీద ఆ కథలో నీకు గుర్తున్నదంతా రాసి పక్కన పెట్టు. ఇల్లు ఎలా ఉండేది, దొంగ ఎవరు, నాన్సీ ఎక్కడ ఇరుక్కుంది, ఎవరంటే నీకిష్టం, ఇవన్నీ. చదివాక రాస్తే లాభం లేదు, జ్ఞాపకం పుస్తకాన్ని చూసి సర్దుకుపోతుంది. ముందు తిరగరాసింది, అంటే నువ్వు చదివింది, చదువు. ఆ తర్వాతే 1930 నాటిది. వరస తిప్పేస్తే చిన్నప్పుడు చదివింది చప్పగా అనిపించి పక్కన పడేస్తావు.

మొదటి జంటగా ‘ద సీక్రెట్ ఆఫ్ ది ఓల్డ్ క్లాక్’ తీసుకో. రెండింట్లోనూ కథ ఒకటే, కాబట్టి తేడా ఎక్కడుందో స్పష్టంగా కనబడుతుంది. తప్పిపోయిన వీలునామా కోసం ఎదురుచూసే అక్కచెల్లెళ్లు పాతదాంట్లో హార్నర్లు, కొత్తదాంట్లో హూవర్లు. పాతదాంట్లో చిన్నది కోళ్లు పెంచుతుంది, కొత్తదాంట్లో దానికి సంగీతం నేర్చుకోవాలని ఉంటుంది. ఈ ఒక్క మార్పు మీద కాసేపు ఆగు. 1930 నాటికి అమెరికాలో ఆర్థిక మాంద్యం మొదలైపోయింది, గుడ్ల డబ్బుతో ఇల్లు గడవాలి. 1959 నాటికి ఆ ఆకలి కథలోంచి వెళ్లిపోయి, తీరని ముచ్చట మాత్రం మిగిలింది. ఇదే పుస్తకంలో కాపలాదారు జెఫ్ టకర్‌ పాత్ర కూడా చూడు. 1930లో నల్లజాతి మనిషిగా, తాగుబోతుగా, యాసతో నవ్వించేందుకు పెట్టారు. అది చదవడం ఇబ్బందిగానే ఉంటుంది. అందుకే పాత పాఠాన్ని మీ పాపకి నేరుగా ఇవ్వకు. పక్కన కూర్చుని మాట్లాడగలిగితేనే ఇవ్వు.

రెండో జంట ‘ద హిడెన్ స్టెయిర్‌కేస్’. పాతదాంట్లో నాన్సీ దగ్గర తండ్రి ఇచ్చిన రివాల్వర్ ఉంటుంది. కొత్తదాంట్లో ఉండదు. పాత నాన్సీ పెద్దవాళ్లకి ఎదురు చెప్పడానికి వెనకాడదు, కొత్తది మర్యాదస్తురాలు. నా మటుకు నాకు పాతదే ముద్దు.

మూడోది మనవాళ్లు తప్పక చూడాల్సింది, ‘ద మిస్టరీ ఆఫ్ ది ఐవరీ చార్మ్’. సర్కస్‌లో చిక్కుకున్న భారతీయ కుర్రాడి కథ. 1936లో అతని పేరు కోయా, 1974లో రిషి. ఏనుగులు, రాజాలు, మహిమలున్న దంతపు బొమ్మ, అంతా అమెరికా ఊహించుకున్న ఇండియా. చిన్నప్పుడు దీన్ని ఎలా మింగావో గుర్తు చేసుకో. ‘ద క్లూ ఆఫ్ ది బ్రోకెన్ లాకెట్’ మాత్రం ఇలా పోల్చడానికి పనికిరాదు. 1934కీ 1965కీ పేరొక్కటే ఒకటి, కథలు వేరు.

వారానికి ఒకటి మించకు. ఒక్కోటి రెండు మూడు గంటల్లో అయిపోతుంది, అధ్యాయం చివర ప్రతిసారీ ఏదో ప్రమాదం పెట్టి ఆపుతారు కాబట్టి చెయ్యి ఆగదు. నాలుగు వరసగా చదివావంటే కాకతాళీయాలన్నీ బయటపడి విసుగొస్తుంది. ఇవి నెలల తేడాతో చదివే పిల్లల కోసం రాసినవి. మొదటి నలభై పేజీల్లో ప్రతిదానికీ చిరాకొస్తే కంగారుపడకు. అప్పుడు నాన్సీని వదిలి, వాళ్లింట్లో పనులు చూసే హన్నా గ్రూయెన్‌ని గమనించు. పాత పుస్తకాల్లో ఆమె జీతానికి పనిచేసే మనిషి, తిరగరాసినవాటిలో తల్లిలాంటిది. చిన్నప్పుడు వంటింట్లోనే వదిలేసిన ఆ మనిషి ఇప్పుడు నీకు కథంతా కనబడుతుంది. నాన్సీ స్నేహితురాళ్లు బెస్, జార్జ్ అయిదో పుస్తకం దాకా రారు, ఆమె ప్రియుడు నెడ్ ఏడో దాంట్లో గానీ కనిపించడు. వాళ్లకోసం మొదట్లోనే వెతక్కు.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో, విజయవాడ లెనిన్ సెంటర్‌లోనో కొంటే ‘నాన్సీ డ్రూ ఫైల్స్’ అని ఉన్నవి వేరుగా పెట్టు. అవి 1986లో మొదలైన వేరే వరస, హత్యలూ ప్రేమలూ ఎక్కువ. పాత పేపర్‌బ్యాకుని వెనక్కి విరిచి తెరవకు, జిగురు ఎండిపోయి కట్టలకి కట్టలు ఊడొస్తాయి. చివరి పేజీ ఉందో లేదో అక్కడే చూసుకో. ముక్కిన వాసన వస్తుంటే మూతున్న డబ్బాలో, పుస్తకానికి తగలకుండా ఒక గిన్నెలో వంటసోడా పోసి నాలుగు రోజులుంచు.

ఆన్‌లైన్‌లో అయితే అట్ట ఫొటో కాదు, విషయసూచిక ఫొటో పంపమను. 35వ పుస్తకం నుంచి తిరగరాత లేదు, అక్కణ్నుంచి ఏ ప్రతి దొరికినా కొనుక్కో.

మీ పెద్దమ్మ